స్నేహితురాలు కుట్టిన క్విల్ట్ టాప్ మెషిన్ మీద ముడతలు పడుతుంటే: ఏది ఊడదీయాలి, ఏది సర్దాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫ్రెండ్ 60×72 అంగుళాల టాప్‌ను, అంటే క్విల్ట్ పైపొరను, ముక్కలు కలిపి కుట్టి ఇచ్చారు. అందులో పెడన కలంకారీ, పోచంపల్లి ఇకత్, మంగళగిరి కాటన్, వాళ్ళమ్మగారి పాత పట్టుచీర ముక్కలు ఉన్నాయి. మీరు అమెరికాలో ఇంట్లో ఉన్న మామూలు మెషిన్ మీద ఫ్రీ మోషన్‌లో (బట్టను చేత్తోనే నడిపిస్తూ) మధ్యభాగం క్విల్ట్ చేసేశారు, అంటే టాప్, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి పొర, వెనకబట్ట, ఈ మూడూ కలిపి కుట్టేశారు. బోర్డర్ దగ్గరికి వచ్చేసరికి బట్ట అలలు తేలుతోంది. రెండు బ్లాకులు గిన్నె బోర్లించినట్టు ఉబ్బి ఉన్నాయి. వెనకవైపు కూడా అక్కడక్కడ ముడతలు పడ్డాయి. "క్విల్ట్ చేస్తే అదే సర్దుకుంటుందిలే" అని ఆవిడ అంటున్నారు. ఊడదీస్తే నొచ్చుకుంటారేమోనని మీరు ఆగారు.

సూటిగా చెప్పాలంటే: కొలిస్తే తేడా అంగుళం దాటితే బోర్డర్ ఊడదీసి మళ్ళీ వేయండి. మధ్యభాగం కదిలించకండి. ఉబ్బిన బ్లాకుల్ని చాలావరకు కుట్టుతోనే లొంగదీయొచ్చు. వెనక ముడతలకు మాత్రం టాప్‌ను తప్పుపట్టకండి, అవి మూడు పొరలు పరిచినప్పుడు వచ్చినవి. అయితే రిప్పర్ (కుట్లు తెంచే పనిముట్టు) చేతిలోకి తీసుకునే ముందు ఆవిడకు ఒక ఫోన్ చేయాలి. ఆ సంగతికి కింద వస్తాను.

"సర్దుకుంటుంది" అన్నమాట పూర్తిగా అబద్ధం కాదు. మధ్యలో ఉన్న బ్యాటింగ్‌కి కొంత మందం ఉంటుంది కాబట్టి, కొద్దిపాటి అదనపు బట్టను అది మింగేస్తుంది. కానీ దానికి హద్దుంది. ఉబ్బు మీద బట్టను రెండు వేళ్ళతో గిల్లి పైకి లేపి చూడండి. పది అంగుళాల బ్లాకులో ఆ మడత ఎత్తు పావు అంగుళం లోపుంటే కుట్టులో కలిసిపోతుంది. అర అంగుళం దాటితే ఎంత దట్టంగా కుట్టినా ఎక్కడో ఒకచోట మడత పడే తీరుతుంది. మన ఊళ్ళలో బొంతలు కుట్టే ఆడవాళ్ళకి ఈ బాధ అంతగా ఉండదు. వాళ్ళు చీరలు నేలమీద పరిచి, చేత్తో ఒక్కో వరస కుడుతూ, ప్రతి వరసకూ అరచేత్తో నిమిరి మిగులు బట్టను ముందుకు తోసేస్తారు. మెషిన్‌కి ఆ నిమరడం తెలీదు. అది తోస్తుంది, అంతే.

ఎలా తోస్తుందో ఒకసారి ఆగి చూడండి, మిగతాదంతా దాన్నిబట్టే అర్థమవుతుంది. ఫుట్ (సూది దగ్గర బట్టను అదిమిపట్టే మెషిన్ పాదం) ముందు ఓ సన్నటి గుబ్బ లేస్తుంది, వడ్లగింజంత. మీరు కుట్టుకుంటూ పోయేకొద్దీ అది చెరిగిపోదు, ఫుట్‌తోపాటు ముందుకు జరుగుతూ పెద్దదవుతుంది. అడ్డంగా ఇంకో కుట్టుగీత ఎదురయ్యేదాకా దానికి పోవడానికి చోటుంటుంది. ఆ గీత దగ్గర దారి మూసుకుపోతుంది, సూది ఆ గుబ్బ మీదికే దిగుతుంది, మడత అక్కడ పడుతుంది. అందుకే ముడతలన్నీ గీతలు ఒకదాన్నొకటి దాటే చోటే కనిపిస్తాయి. గళ్ళగళ్ళుగా కుట్టే డిజైన్ ఇలాంటి టాప్‌కి అస్సలు పనికిరాదనడానికి కారణం ఇదే. మెలికలు తిరుగుతూ తనను తాను దాటని మీండరింగ్ లాంటివి క్షమిస్తాయి.

బోర్డర్ ఎందుకు అలలు తేలింది

ఎక్కువసార్లు కారణం ఇదే. పొడవాటి పట్టీ తీసుకుని, ఓ మూల నుంచి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరించేయడం. చూడ్డానికి సులువే. కానీ టాప్ అంచులు అప్పటికే చేతుల్లో నలిగి కొంత సాగి ఉంటాయి, బోర్డర్ ఆ సాగిన కొలతకు పోతుంది. పైగా బట్టను ముందుకు జరిపే మెషిన్ పళ్ళు కింద ఉన్న పొరను ఎక్కువ లాక్కుపోతాయి. బోర్డర్‌ను కిందపెట్టి కుడితే, చివరికి వచ్చేసరికి కొంత బోర్డర్ అదనంగా లోపలికి ఎక్కేసి ఉంటుంది. పట్టీని పడుగు వైపు కాకుండా పేక వైపు కత్తిరిస్తే ఇంకాస్త సాగుతుంది. వదులు నేత చేనేత కాటన్‌లో ఇది బాగా తెలుస్తుంది.

రెండో కారణం మీ చేతిలోనే ఉండొచ్చు. కుట్టు పడేకొద్దీ బట్ట లోపలికి లాక్కుంటుంది. మధ్యభాగం అర అంగుళానికో గీతగా దట్టంగా కుట్టి, బోర్డర్‌ను ఖాళీగా వదిలేస్తే, సరిగ్గా కొలిచి వేసిన బోర్డర్ కూడా అలలు తేలుతుంది. కాబట్టి ఆవిడతో మాట్లాడేముందు కొలిచి చూసుకోండి. మధ్యభాగాన్ని మూడుచోట్ల కొలవండి: సరిగ్గా నడిమికి ఒకసారి, రెండు అంచులకు పది అంగుళాలు లోపలగా చెరొకసారి. బోర్డర్‌ను సాగదీయకుండా అంచువెంట కొలవండి. ఆవిడ ఇచ్చినప్పటి కొలతలు మీరు రాసిపెట్టుకుని ఉంటే ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది. రాసుకోకపోతే ఆ పంచాయితీ వదిలేయండి.

60 అంగుళాల పొడవులో తేడా అర అంగుళం లోపైతే ఊడదీయక్కర్లేదు, దట్టంగా కుట్టి లాక్కోవచ్చు. అంగుళం దాకా ఓపికుంటే సర్దొచ్చు. అంతకు మించితే ఊడదీయడమే తక్కువ పని.

ఊడదీసి మళ్ళీ వేయడం

బోర్డర్ ఇంకా క్విల్ట్ కాలేదు కాబట్టి మీ అదృష్టం. ఆ ప్రాంతంలో పిన్నీసులు తీసేసి బోర్డర్‌ను పైకెత్తితే కుట్టు లోపలివైపు నుంచి కనిపిస్తుంది. ప్రతి నాలుగో కుట్టును రిప్పర్‌తో తెంచి, రెండోవైపు దారం లాగితే మొత్తం వచ్చేస్తుంది. రెండు పొరల్ని పట్టి చింపినట్టు లాగొద్దు, అంచు సాగుతుంది. విడిపోయిన అంచుకు ఎనిమిదో వంతు అంగుళం లోపలగా ఒక వరస కుట్టేయండి. ఇక అది కదలదు.

ఇప్పుడు కొలత. ఉదాహరణకు బోర్డర్ వెడల్పు 5 అంగుళాలు, మధ్యభాగం 50×62 అనుకుందాం. మూడు కొలతలు 61½, 62, 62½ వస్తే సగటు 62. పక్క బోర్డర్లు రెండూ కచ్చితంగా 62కి కత్తిరించండి. అవి వేశాక అడ్డంగా మళ్ళీ కొలిచి, పైదీ కిందదీ ఆ కొలతకు కత్తిరించండి. పట్టీని సగానికి, మళ్ళీ సగానికి మడిచి గుర్తులు పెట్టుకోండి. మధ్యభాగం అంచు మీదా అలాగే నాలుగు భాగాలకు గుర్తులు. ముందు గుర్తుకు గుర్తు కలిపి పిన్ చేయండి, తర్వాత మధ్యలో బెత్తెడుకో పిన్.

కింద బ్యాటింగ్, వెనకబట్ట ఉన్నాయి కదా, మళ్ళీ విడదీయాలా అంటే అక్కర్లేదు. బోర్డర్‌ను బోర్లా, అంటే మంచివైపు కిందికి పెట్టి, వాకింగ్ ఫుట్‌తో (పై పొరనీ కింది పొరనీ సమంగా నడిపే ఫుట్) పావు అంగుళం మార్జిన్ వదిలి మూడు పొరల మీదుగానే కుట్టేయండి. కుట్టు పొడవు 2.5 మి.మీ. తర్వాత బోర్డర్‌ను బయటికి తిప్పి వేలితో గట్టిగా రుద్ది మడతను అణచండి. వెనకవైపు ఒక నిలువు గీత కనిపిస్తుంది. అది క్విల్టింగ్ గీతల్లో కలిసిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. మీరు వేసిన క్విల్టింగ్ మరీ అంచుదాకా వచ్చేసి ఉంటే మాత్రం అంగుళం మేర విప్పాలి.

ఆవిడ ఊడదీయడానికి ససేమిరా అంటే ఒక దారుంది. బోర్డర్ బయటి అంచుకు ఎనిమిదో వంతు అంగుళం లోపలగా 4–5 మి.మీ. పొడవు కుట్టు వేసి, బాబిన్ దారం మెల్లగా లాగి, అంచును కొలతకు తెచ్చుకోండి. కాటనైతే ఆవిరి పట్టించి ఇస్త్రీ పెట్టెతో అదమండి, రుద్దొద్దు. ఆ తర్వాత అంచుకు లంబంగా అర అంగుళానికో గీత చొప్పున కుట్టండి. ప్రతి రెండు గీతల మధ్యా కాస్త కాస్త మిగులు ఇమిడిపోతుంది. అంచు వెంట పొడుగ్గా సాగే గీతలు వేస్తే మిగులంతా ఒకే మూలకు చేరుతుంది, అది మాత్రం చేయకండి.

ఉబ్బిన బ్లాకులు

ఇది కుట్టు మార్జిన్ లెక్క. క్విల్ట్ ముక్కలు పావు అంగుళం మార్జిన్‌తో కలుపుతారు. 12 ముక్కల వరసలో 11 కుట్లుంటాయి. ఒక్కో కుట్టులో ఒక్కో వైపు 1.5 మి.మీ. ఎక్కువ పోతే, కుట్టుకు 3 మి.మీ., మొత్తం 33 మి.మీ., అంటే అంగుళం పైనే వరస పొట్టిదవుతుంది. పక్క వరసలో ముక్కలు తక్కువుంటే అది పొడుగ్గా మిగులుతుంది. రెండింటినీ బలవంతంగా కలిపితే ఒకటి ఉబ్బుతుంది. ఏటవాలుగా కత్తిరించిన ముక్కలుంటే చెప్పక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె రుద్దినా సాగుతాయి.

గిల్లి చూస్తే పావు అంగుళం లోపే ఉంటే ఇలా చేయండి. బ్లాకు నాలుగు మూలలు పిన్ చేసి, ముందుగా చుట్టూ కుట్టుగీతలోనే ఒక వరస వేసి కట్టడి చేయండి. తర్వాత లోపల నాలుగు భాగాలుగా మిగులును పంచి పిన్ చేయండి. కుట్టడం మధ్య నుంచి బయటికి, ఎదురెదురు భాగాలు మార్చి మార్చి. ఫుట్ ముందు గుబ్బ లేస్తే మొద్దు మొన ఉన్న చెక్కపుల్లతో దాన్ని ఫుట్ కిందికి కొద్దికొద్దిగా తోయండి, మునివేళ్ళతో వద్దు. ఆ ఒక్క బ్లాకే దట్టంగా కుట్టి వదిలేస్తే పక్కవి ఉబ్బుతాయి. అదే డిజైన్ ఇంకో నాలుగైదు బ్లాకుల్లో పద్ధతిగా రిపీట్ చేస్తే, కావాలని చేసినట్టే ఉంటుంది.

అర అంగుళం దాటినచోట ఒక పక్క కుట్టు రెండు మూడు అంగుళాలు విప్పి, మిగులు లోపలికి మడిచి, సన్నగా చేతికుట్టు వేయడమే మార్గం. మెషిన్ మీద కుస్తీ పట్టి లాభం లేదు.

బ్యాటింగ్ మీరు అప్పటికే పరిచేశారు. ఇంకోసారి ఇలాంటి టాప్ వస్తే పల్చటి కాటన్ బదులు ఉన్ని బ్యాటింగ్ తీసుకోండి. దాని పొంగు మిగులు బట్టను చాలా వరకు మింగుతుంది. కాటన్ బ్యాటింగ్‌కి వేరే సుగుణం ఉంది. ఉతికితే 3 నుంచి 5 శాతం కుంచించుకుని, క్విల్ట్ అంతా సన్నటి ముడతలు వస్తాయి. ఆ ముడతల్లో చిన్న చిన్న లోపాలు దాక్కుంటాయి. కానీ మీ టాప్‌లో పట్టు ఉంది కాబట్టి ఆ ఉతుకు మీద ఆశ పెట్టుకోకండి.

పట్టు, జరీ, కలంకారీ

అసలు చిక్కు ఇక్కడే ఉంది, మీరు ప్రశ్నలో ఒక్క ముక్కలో దాటేశారు. పట్టు మీద ఒకసారి సూది దిగిన రంధ్రం అలాగే ఉండిపోతుంది. కాటన్‌లో గోటితో గీకి, ఆవిరి పడితే పోగులు మళ్ళీ దగ్గరికొస్తాయి, పట్టులో రావు. అందుకని పట్టు ముక్కల మీద విప్పి కుట్టే ప్రయోగాలు వద్దు. పిన్నీసులు కూడా పక్క కాటన్ మీదో, కుట్టుగీతలోనో గుచ్చండి. స్ప్రే జిగురు పట్టు మీద మరక వదలొచ్చు, దానికంటే దారంతో టాకాలు వేయడం నయం. నీళ్ళు చల్లి ఇస్త్రీ చేయొద్దు, చుక్కలు పడతాయి. పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి, మధ్యస్థ వేడితో. జరీ ఏదో తెలియకపోతే మొదట మూల మీద పరీక్షించండి, పాలియెస్టర్ జరీ వేడికి కరుగుతుంది. లోహపు జరీ సూది మొనను తొందరగా మొద్దు చేస్తుంది. టప్ టప్ మని చప్పుడు వస్తే సూది మార్చే వేళయినట్టు.

పాత పట్టు మడతల వెంట చీలే స్థితిలో ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చీలికలు తెలుస్తాయి. అలాంటి ముక్క ఇంకా క్విల్ట్ కాని చోట ఉంటే, వెనకవైపు కుట్లకు తగలకుండా కొంచెం చిన్నగా కత్తిరించిన పల్చటి కాన్వాస్ (ఇస్త్రీ వేడికి అంటుకునే రకం) అతికించండి. పట్టూ, చేనేత ఇకత్తూ పావు అంగుళం మార్జిన్‌లో పోగులు జారి కుట్టు విడిపోవడం మామూలే. ప్రతి కుట్టును రెండు బొటనవేళ్ళతో మెల్లగా అటూ ఇటూ లాగి చూసి, వదులైనవాటి మీద మార్జిన్ కాస్త పెంచి ఇంకో వరస వేసుకోండి. అన్నీ అయ్యాక చూసుకుందామనుకుంటే లోపల బ్యాటింగ్ బయటికి తొంగిచూస్తుంది.

కలంకారీ ఎరుపు, ఇండిగో నీలం పక్కన తెల్ల ముక్క ఉంటే, తడిపిన తెల్లగుడ్డ వాటి మీద పెట్టి ఒక నిమిషం అదిమి చూడండి. రంగు అంటితే ఆ క్విల్ట్ నీళ్ళలో ముంచేది కాదని ఆవిడకు చెప్పేయండి. నీళ్ళతో చెరిగే మార్కింగ్ పెన్ను కూడా వాడొద్దు, చెరపాలంటే తడపాలిగా.

సూది విషయంలో ఈ మిశ్రమానికి మైక్రోటెక్స్ (సన్నటి పదునైన మొన ఉన్న సూది) 80/12 సైజుతో మొదలుపెట్టండి. కుట్లు ఎనిమిది ఒకచోట కలిసే నక్షత్రం మధ్యలో అది వంగుతుంటే 90/14. ఆ గుత్తి మీద పెడల్ తొక్కకుండా చక్రం చేత్తో తిప్పండి. దారం 50 నంబర్ కాటన్, లేత బూడిద రంగు. ఇన్ని రంగుల మధ్య అది ఎక్కడా కొట్టొచ్చినట్టు కనిపించదు.

వెనక ముడతలు

వెనకబట్ట బిగువు చాలకపోతే వస్తాయి. నున్నటి బల్ల మీద మాస్కింగ్ టేపుతో నాలుగు వైపులా అతికించినప్పుడు బట్ట బిగుతుగా ఉండాలి, సాగి ఉండకూడదు. టేపు తీసినప్పుడు లోపలికి ముడుచుకుపోతే సాగదీసినట్టే లెక్క. పిన్నీసులు బెత్తెడుకొకటి. మిగిలిన బోర్డర్ భాగానికి ఇప్పుడు ఈ పని మళ్ళీ చేయండి. పది నిమిషాలకోసారి కింద చేయిపెట్టి తడిమితే ముడత మొదట్లోనే దొరుకుతుంది. క్విల్ట్ బరువు బల్ల అంచు నుంచి వేలాడుతుంటే కూడా ఈ తిప్పలే, ఎడమపక్కన కుర్చీయో ఇస్త్రీ బల్లో వేసి మోయించండి. మెలికల దగ్గర వెనక దారం ఉచ్చులుగా తేలితే పై దారం వదులుగా ఉందన్నమాట, లేదా మెలిక దగ్గర చెయ్యి తొందరపడుతోంది.

వెనకబట్ట సరిపోయిందా అనేది కూడా చూడండి. నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువుండాలి, అంటే 68×80. 42 అంగుళాల పన్నాతో నిలువు అతుకైతే 4½ గజాలు పడుతుంది, అడ్డం అతుకైతే 4 గజాలు చాలు. ఫ్రెండ్ టాప్‌తో పాటు వెనకబట్ట కూడా ఇస్తే తరచూ సరిగ్గా టాప్ సైజుకే ఇస్తారు. అది నాలుగు పక్కలా పట్టీ వేయకుండా పనికిరాదు.

ఆవిడతో ఎలా చెప్పాలి

టేపు పెట్టి ఫోటో తీసి పంపండి. అభిప్రాయం కాకుండా కొలత చెప్పండి: "బోర్డర్ అంగుళంన్నర ఎక్కువుంది. నేను విప్పి మళ్ళీ వేయనా, నువ్వే వేసి పంపుతావా, లేకపోతే మడతలు పడినా ఫర్వాలేదా?" మూడింట్లో ఏదన్నా మీకు సమ్మతమే అయితేనే మూడూ చెప్పండి. మడతలతో కుట్టడం మీకు ఇష్టం లేకపోతే ఆ మూడోది అసలు నోట్లోంచి రానీయొద్దు. "నీ కుట్టు సరిగ్గా లేదు" అన్నమాట ఎక్కడా రానక్కర్లేదు. వాళ్ళమ్మగారి చీర కాబట్టి, ఆ ముక్కల మీద ఏది చేసినా ముందు అడగండి. మిగతావాటికి మీ వివేకం చాలు.

ఆవిడకు ఓపిక లేక, మీకూ విసుగొస్తే, లాంగ్‌ఆర్మ్ మెషిన్ (క్విల్ట్‌ను ఫ్రేమ్‌కి ఎక్కించి కుట్టే పెద్ద మెషిన్) ఉన్నవాళ్ళకు ఇద్దామని అనిపిస్తుంది. సగం కుట్టినదాన్ని వాళ్ళు తీసుకోరు, తీసుకున్నా మీ కుట్టంతా విప్పమంటారు. పైగా ఫ్రేమ్‌కి ఎక్కించినంత మాత్రాన అలలు మాయం కావు, వాళ్ళూ ఇవే మాటలు చెబుతారు. చాలామంది చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని లెక్కగడతారు. 60×72 అంటే 4320 చదరపు అంగుళాలు, 3 సెంట్లయితే 130 డాలర్ల దగ్గర. వచ్చే టాప్‌కి ఈ లెక్క ముందే ఆవిడకు చెప్పి పెట్టుకోండి.

చివరగా బైండింగ్, అంటే అంచు చుట్టూ కుట్టే పట్టీ. అలలు కొద్దిగా మిగిలినా ఇక్కడ ఇంకొంచెం లాగొచ్చు. పట్టీ క్రాస్‌గా కాక నిలువు పోగు మీద 2¼ అంగుళాల వెడల్పున కత్తిరించండి, అది సాగదు. ప్రతి పక్కకూ నడిమి కొలతనే పట్టీ మీద గుర్తుపెట్టి, అంచును ఆ గుర్తుల మధ్య ఇమిడేలా పిన్ చేసి, క్విల్ట్‌ను కిందపెట్టి కుట్టండి. ఈసారి పళ్ళు కింది పొరను ఎక్కువ లాక్కోవడమే మీకు కావలసింది.